పాటలో ఇమడని మాట

దోన్ తెయోఫిలో కళ్లజోడు సవరించుకుని, నల్లబల్ల మీద రాసిన ఆఖరి పంక్తి కింద సుద్దముక్కతో గీత గీశాడు.

"ఇక అసలు చోటికొచ్చాం," అన్నాడు. "పాదం."

బర్రాకాస్ పేట గ్రంథాలయంలో ఆ ఆదివారం మధ్యాహ్నం కూర్చోడానికి కుర్చీలు చాలలేదు. బడిపంతులుగా రిటైరైన తెయోఫిలో నెలకొకసారి అక్కడ ఏదో ఒక ప్రసంగం చేస్తాడు. కిందటి నెల తోకచుక్కల గురించి చెబితే తొమ్మిది మంది వచ్చారు. ఈసారి విషయం టాంగో పాట, అదీ "సగం పతకం". 1932లో ఆ వేసవి అంతా బ్యూనస్ ఐరిస్‌లో ఆ పాట పాడని నోరు లేదు. బల్ల మీద నాలుగే పంక్తులు:

ఆకుపచ్చ కిటికీ ముందు జూలై వాన కురిసింది,
పేరు ఎవరూ అడగలేదు, తలుపు మూసుకుపోయింది.
కత్తెర పడ్డ పతకంలో తల్లి ముఖం నాకు మిగిలె,
బాలయేసు నీతో వెళ్లె, చిట్టి పాదం నా వైపే.

మూడో వరసలో కూర్చున్న ఎర్మెలిండా ఒళ్లో చేతులు ముడుచుకుని వింటోంది. ఆమెకు నలభై ఏళ్లు. పేటలోని ఇస్త్రీ కొట్టులో పదహారేళ్లుగా కాలర్లకూ కఫ్‌లకూ గంజిపెట్టి ఇస్త్రీ చేస్తుంది. కొట్టులో తోటి పిల్ల పియెరీనా బలవంతం చేస్తే వచ్చింది.

"కథ మీకు తెలుసు," అన్నాడు తెయోఫిలో. "పేదవాడు, వాడు ప్రేమించిన పిల్ల. ఇద్దరూ పతకాన్ని చెరిసగం చేసుకున్నారు. ఆ పిల్ల డబ్బున్నవాడి కారెక్కి వెళ్లిపోయింది. కవి ఏం దాచాడో చూడండి. ఆకుపచ్చ ఆశకు రంగు. ఆ కిటికీ మూసుకుంది. పేరు అడగని ఇల్లంటే ఈ మహానగరం, ఇక్కడ ఎవరికి ఎవరు? కత్తెర విధి. మరి ఆ పాదం? అమ్మాయి వెళ్లిపోయినా ఒక అడుగు ఇక్కడే ఉండిపోయింది. అంటే ఎప్పటికైనా తిరిగొస్తుందని!"

చప్పట్లు మోగాయి. పియెరీనా మెడలోని గొలుసును పెదాలకు ఆనించుకుంది. దానికి వేలాడుతున్నది సగం పతకమే. మిగతా సగం ఆమెకు కాబోయేవాడి దగ్గర ఉంది. పాట వచ్చిన రెండు నెలలకల్లా బజార్లలో అవి గుట్టలుగా పోసి అమ్ముతున్నారు, పాదం తెగి ఉన్నట్టుగానే అచ్చువేసి మరీ.

ఎర్మెలిండా లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు.

"దోన్ తెయోఫిలో, ఆ పాదం... పతకం కోసినవాడి చేయి వణికి ఉంటుందేమో. ముసలాడై ఉండొచ్చు కదా."

గదంతా గొల్లున నవ్వింది. తెయోఫిలో మాత్రం ఆదరంగానే నవ్వాడు. "దోన్యా ఎర్మెలిండా, కవిత్వంలో చేతులు వణకవమ్మా. అక్కడ ప్రతిదానికీ అర్థం ఉంటుంది."

ఆమె కూర్చుంది. వణికిన ఆ చేయి ఆమె కళ్లముందే ఉంది. తను అద్దెకుండే లోగిలి చివరి గదిలోని తగరం పనివాడు, జెనోవా నుంచి వచ్చిన ముసలాయన, రేకులు కోసే కత్తెర పట్టుకుని, "సరిగ్గా మధ్యకి కోయమంటావా తల్లీ?" అని అడిగాడు. కోశాడు. కత్తెర జారింది. బాలయేసు పాదం ఒకటి దేవమాత ముఖం ఉన్న ముక్కలోకి వచ్చేసింది. "అయ్యో, పాడు చేశానే," అని ఆయన నొచ్చుకున్నాడు. అది 1911 జూలై. ఎర్మెలిండాకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. పొత్తిళ్లలో పదకొండు రోజుల ఆడపిల్ల.

పిల్ల తండ్రి, ఆమె పాచిపని చేసే ఇంటి యజమాని తమ్ముడు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. పని పోయింది. పాలు పడలేదు. వానలో నడిచి అనాథ శిశువుల గృహానికి వెళ్లింది. ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన కిటికీ రెక్క తెరుచుకుంది. ఒకామె చేతులు చాచి పిల్లను అందుకుంది. పేరు అడగలేదు. అడగకపోవడం అక్కడి నియమం. పిల్ల మెడలో సగం పతకం వేసింది. ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలిగే రోజు వస్తే, అదే గుర్తు. చాలామంది తల్లులు అలాగే చేసేవారు.

అయిదేళ్ల తర్వాత నిలకడైన పని దొరికాక, తన ముక్క పట్టుకుని వెళ్లింది. పిల్లను ఎవరో పెంచుకుంటామని పై ఊరికి తీసుకెళ్లారనీ, ఎక్కడికో చెప్పడానికి వీల్లేదనీ గుమాస్తా అన్నాడు. "ఇరవై రెండు నిండితే తన వస్తువు తనకి ఇచ్చేస్తాం. వెతుక్కోవాలనుంటే అప్పుడు తనే వెతుక్కుంటుంది."

అప్పటి నుంచి ఎర్మెలిండా లెక్క ఒక్కటే, 1933 జూలై.

ఇదంతా ఆమె జన్మలో ఒక్కరికే చెప్పింది. ఆ ఒక్కరు రోసౌరా. లోగిలిలో పక్క గది. పగలు టోపీల కొట్టులో పని, సాయంత్రాలు పేట క్లబ్బుల్లో పాటలు. ఆమె తొలిసారి వేదిక ఎక్కినప్పుడు వేసుకున్న గౌను ఎర్మెలిండా ఇస్త్రీ చేసిందే. 1928లో రోసౌరాకు ఏడో నెలలో చచ్చిన బిడ్డ పుట్టింది. మూడు రోజులు గోడ వైపు తిరిగి పడుకుంది. తిండి లేదు, మాట లేదు. మూడో రోజు ఎర్మెలిండా సూపు గిన్నె పట్టుకుని మంచం మీద కూర్చుని, తల్లికి కూడా చెప్పని సంగతి మొదలుపెట్టింది. కిటికీ, వాన, ముసలాయన కత్తెర, పాదం అన్నీ చెప్పింది. రోసౌరా మెల్లగా ఇటు తిరిగింది. సగం పతకం చేతిలోకి తీసుకుని ముద్దు పెట్టుకుంది.

"ఈ మాట నాతోనే మట్టిలో కలుస్తుంది ఎర్మీ," అంది. తర్వాత సూపు తాగింది.

మూడేళ్ల తర్వాత కొట్టులోని రేడియోలో ఆమె గొంతే వినిపించింది. తన ట్రంకుపెట్టె ఎవరో నడివీధిలో తెరిచి, ఒక్కొక్కటీ ఎత్తి చూపిస్తున్నట్టు అనిపించింది ఎర్మెలిండాకు. పాట రాసింది రోసౌరా మొగుడు ఎవారిస్తో. అప్పటికి వాళ్లు లోగిలి వదిలి ఊరి నడిబొడ్డుకు వెళ్లిపోయారు. నాటకశాల టిక్కెట్టు ఒకటి పంపితే ఎర్మెలిండా కవరు విప్పకుండా తిప్పి పంపింది. అంతకుమించి ఏమీ చేయలేదు. నొప్పి తనది, తనలోనే ఉండనీ అనుకుంది. ఆ పాట తన నుంచి ఇంకేం పట్టుకుపోయిందో అప్పటికి ఆమెకు తెలియదు.

అది తెలిసింది ఏడాది తర్వాత, పత్రిక ఆఫీసులో.

జూలై మొదటి వారంలో ప్రకటన రాసుకుని వెళ్లింది. "వెండి పతకం, సగం. ఈ నెలతో ఇరవై రెండు నిండిన అమ్మాయి కోసం. తల్లి ఎదురుచూస్తోంది." కింద ఇస్త్రీ కొట్టు చిరునామా. కౌంటరు దగ్గరి యువకుడు చదివి నవ్వాడు.

"రికార్డు కంపెనీ తరఫునా అండీ?"

"కాదు. నా తరఫునే."

"పోటీ లాంటిదా? గెలిస్తే టిక్కెట్లా?"

"బాబూ, ఉన్నది ఉన్నట్టు వెయ్యి."

"వేస్తానండీ, కానీ పాటలో ఎదురుచూసేది తల్లి కాదు కదా," అంటూ అతను స్టాంపు గుద్దాడు.

ప్రకటన వచ్చిన రోజు కొట్టు యజమానురాలు దోన్యా చెసీరా పత్రిక పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఇదేంటే? నా కొట్టు చిరునామా! తల్లి ఎదురుచూస్తోందట! ఎవరా తల్లి?"

ఎర్మెలిండా ఇస్త్రీపెట్టెను ఇనుప దిమ్మ మీద నిలబెట్టింది. "నేనే," అంది.

నలుగురు ఆడవాళ్ల చేతులూ ఆగిపోయాయి. ఇరవై రెండేళ్లు నోట్లో దాచుకున్న మాట. వాళ్లు ఛీకొడతారని సిద్ధపడింది, కౌగిలించుకుంటారేమోనని కూడా ఓ మూల అనిపించింది. పియెరీనా దగ్గరికొచ్చి ఆమె చేయి నిమిరింది.

"దోన్యా ఎర్మెలిండా, మా మేనత్త కూడా ఇంతే. రేడియోలో నాటకం విని విని, ఆ చెరపట్టిన రాణి తనేనంది. కొన్నాళ్లు ఊళ్లో గాలి మార్చితే సర్దుకుంది."

"రేడియో కట్టేయండే కొన్నాళ్లు," అంది చెసీరా, గొంతు తగ్గించి.

ఆ వారం పదకొండు మంది వచ్చారు. ముగ్గురు కుర్రాళ్లు గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చుని, బజారు పతకాలు ఎత్తి పట్టుకుని, పాట మొత్తం పాడి వెళ్లారు. భార్య పోయిన ముసలాయన ఒకడు పువ్వులు తెచ్చాడు. శనివారం అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి వచ్చి, కొట్టు మూసేదాకా బయటే నిలబడింది.

"నాకు ఇరవై నాలుగండీ," అంది. "పతకం బజార్లో కొన్నదే. మోసం చేద్దామని రాలేదు. నేనూ అనాథ శిశువుల గృహంలోనే పెరిగాను. నాతో ఏ గుర్తూ వదల్లేదు. మీ కోసం ఇంకెవరూ రాకపోతే... అడిగి చూద్దామని."

ఎర్మెలిండా ఆమెను లోపలికి పిలిచి, పాలు పోసిన మాతే టీ ఇచ్చింది.

సెప్టెంబరులో అసూల్ అనే ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. గుండ్రటి, పొందికైన అక్షరాలు.

"గౌరవనీయులైన అమ్మగారికి, నా పేరు ఇలారియా. ఒక డాక్టరుగారింట్లో వంట చేస్తాను. జూలైలో నాకు ఇరవై రెండు నిండాయని అనాథ శిశువుల గృహం ఆఫీసు నుంచి కవరు వచ్చింది. అందులో సగం పతకం ఉంది. డాక్టరుగారమ్మాయి చూసి పగలబడి నవ్వింది. ఆఫీసువాళ్లు కూడా బజార్లో కొని పంచుతున్నారా అంది. నాకూ అదే అనిపించింది. ఇన్నేళ్లకి పంపింది ఇదా అని కోపం వచ్చి వాగులో పారేశాను. మొన్న చేపలు చుట్టిన కాయితంలో మీ ప్రకటన చూశాను. నా ముక్కలో బాలయేసుకి ఒక పాదం లేదు. కానీ అది చెప్పి ఏం లాభం, అందరికీ తెలిసిందే. వాన అన్నా, కిటికీ అన్నా పాటలో వినే చెబుతున్నానంటారు. మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను."

ఎర్మెలిండా ఆ ఉత్తరాన్ని నిలబడే రెండుసార్లు చదివింది. మర్నాడు ఆ గృహం ఆఫీసుకు వెళ్లింది. కొత్త గుమాస్తా, అలసిపోయిన మనిషి.

"రెండు ముక్కలూ తెచ్చి ఒకదానికొకటి ఆనించి చూపించండి. అప్పుడే రిజిస్టరు తెరుస్తాను."

"ఒకటి వాగులో పోయిందయ్యా."

"అమ్మా, ఆ పాట వచ్చినప్పటి నుంచి నలభై మంది వచ్చారు. అందరూ వాన అన్నారు, పాదం అన్నారు. ఏడ్చారు కూడా. నోటి మాటకి రిజిస్టరు తెరవద్దని పైనుంచి ఉత్తర్వు."

బయటికొచ్చి ట్రాము ఎక్కింది. అప్పుడు గాని సంగతి పూర్తిగా తలకెక్కలేదు. తనకూ కూతురికీ మధ్య, లోకానికి తెలియని సంగతంటూ ఒక్కటీ మిగల్లేదు. ఇంటి దగ్గర దిగాల్సిన చోట దిగలేదు. నేరుగా రోసౌరా ఇంటికి వెళ్లింది.

రోసౌరా పట్టు గౌనులో, జుట్టు చుట్లు చుట్టుకుని తలుపు తీసింది. "ఎర్మీ! ఎన్నాళ్లకే!" అని మీద పడి కావలించుకోబోయింది. ఎర్మెలిండా చేతులు కదల్లేదు.

"కోపమా? నాకు తెలుసు. కానీ విను. నీ పేరు ఎక్కడా లేదు. నిన్ను ఎవరూ గుర్తుపట్టకూడదనే మగవాడి పాట చేశాం. నువ్వు చెప్పిన ఆ మాటే నన్ను బతికించిందే ఎర్మీ. దాన్ని పాడకుండా ఎలా ఉండను?"

"నీకిచ్చింది దాచుకోమని. ఊరంతా పంచిపెట్టమని కాదు."

"ఎంతమంది ఏడ్చారో తెలుసా ఆ పాట విని? దాని విలువ..."

"నాకు విలువలొద్దు. ఒక్కటి అడగడానికొచ్చా." ఎర్మెలిండా ఉత్తరం బల్ల మీద పెట్టింది. "ఆ రోజు నేను చెప్పినవాటిలో, పాటలో పెట్టనిది ఏదైనా ఉందా?"

రోసౌరా ఉత్తరం చదివింది. చదువుతుంటే చుట్లు చుట్టిన ఆ తల కొంచెం కొంచెంగా వంగింది. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ, "కిటికీ... వాన... పేరు... పాదం... నువ్వు తిరిగొస్తూ అడుగులు లెక్కపెట్టింది కూడా రెండో చరణంలో వచ్చేసింది," అంది. "ఉండు." లోపలి గదిలో సొరుగు లాగిన చప్పుడైంది. ఎవారిస్తో నోటుపుస్తకం తెచ్చింది. పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టింది. "ఇదిగో. ఇదొక్కటీ కొట్టేశాడు."

గీత కింద అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. "చొక్కా గుడ్డలో చుట్టింది. అంచున ఎర్రదారంతో బట్టల గుర్తు: ఎం, రెండు చుక్కలు." పక్కన చిన్నగా: "ప్రేమ పాటలో చాకలి గుర్తా? ప్రాస కుదరదు. జనం నవ్వుతారు."

ఎర్మెలిండా అది చూసింది. తర్వాత పేజీ తలమీద వేసిన తారీఖు చూసింది. 1928, ఆగస్టు తొమ్మిది.

"నువ్వు అప్పటికింకా మంచం దిగలేదు," అంది.

రోసౌరా పుస్తకం మూయబోయింది.

"నేను ఏడో తారీఖున చెప్పాను. సూపు తాగావు. రెండు రోజులకల్లా ఈయన రాసుకున్నాడు. ఏళ్లు గడిచాక నోరు జారిందేమో అనుకున్నాను. ఇన్నాళ్లూ అదే అనుకున్నాను."

"ఆయన పక్కనే ఉన్నాడే... నాకు ఊపిరాడక చెప్పుకున్నాను. రాసుకుంటాడని..."

"రాసుకుంటుంటే చూడలేదా?"

రోసౌరా కళ్లు తుడుచుకుంది. "చూశాను," అంది.

ఎర్మెలిండా ఉత్తరం మడిచి సంచీలో పెట్టుకుంది. గుమ్మం దాకా వెంట వచ్చిన రోసౌరా, ఆ పిల్లను రప్పించడానికి ఏం కావాలన్నా తను చూసుకుంటానంది. ఎర్మెలిండా మెట్లు దిగుతూ వెనక్కి చూడలేదు. ఆ తర్వాత వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు.

గుమాస్తాను మళ్లీ అడిగితే, పొత్తిగుడ్డల సంగతి ఎవరూ రాయరనీ, ఉతికి మిగతా పిల్లలకి వాడేస్తారనీ చెప్పాడు. అసూల్‌కు ఉత్తరం రాసింది. పిల్లను దేనిలో చుట్టారో, దాని మీద ఏముందో నీకు ఎవరైనా చెప్పారా, గుర్తు చేసుకుని రాయమంది. పది రోజులకు జవాబు వచ్చింది.

"గుడ్డ సంగతి నాకు తెలియదు. కవరులో పతకం ఒక్కటే ఉంది. ఏదో ఒకటి ఊహించి రాద్దామా అని రెండు రోజులు ఆలోచించాను. రాయలేదు. అది చెబితేనే మీ కూతుర్ని అవుతానంటే, నేను కానేమో. ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి."

ఆ వచ్చే ఆదివారం ఎర్మెలిండా రైలెక్కింది.

స్టేషనులో ఎత్తుగా, ఎముకలు బలంగా ఉన్న అమ్మాయి ఒకతె బెంచీ దగ్గర నిలబడి ఉంది. ఎర్మెలిండా ఆ ముఖంలో తన తల్లిని వెతికింది, ఆ యజమాని తమ్ముణ్ణి వెతికింది. గడ్డం తనదే అనిపించింది. మరో క్షణం చూస్తే ఎవరిదైనా కావచ్చనిపించింది. అమ్మాయి కూడా అలాగే, మొహమాటం లేకుండా, ఆమె ముఖమంతా కలయజూస్తోంది.

"ఏమైనా కనిపించిందాండీ?" అని అడిగింది చివరికి.

"లేదమ్మా. నీకు?"

"చేతులు కొంచెం. కానీ నావి వంటచేతులు, మీవి ఇస్త్రీచేతులు. అందుకే ఒకేలా కాలి ఉన్నాయేమో."

బెంచీ మీద కూర్చుని, అమ్మాయి తెచ్చిన ఎంపనాదాలు, మాంసం కూరిన కజ్జికాయల్లాంటివి, తిన్నారు. మాంసంలో ఎండుద్రాక్ష వేసింది. ఎదురుగా ఉన్న బారు రేడియోలో ఆ పాటే మొదలైంది. ఎర్మెలిండా నమలడం ఆపేసింది. ఇలారియా చేతులు తుడుచుకుని చరచరా బారులోకి వెళ్లింది. పాట మధ్యలో తెగిపోయింది.

"ఏం చెప్పావ్?"

"బయట చావింటి మనుషులున్నారని చెప్పాను. టోపీ కూడా తీశాడు పాపం."

ఎర్మెలిండాకు నవ్వొచ్చింది. నవ్వు ఆగాక, "నువ్వే అని చెప్పలేను," అంది. "కాదని కూడా చెప్పలేను. చెప్పగలిగే దారి ఉండేది. మూసేశారు."

"నేనూ పారేశాను కదండీ."

"నువ్వు పారేసింది అది బజారు వస్తువు అయ్యాక."

రైలు వేళయింది. "వచ్చే నెల కూడా రానా?" అని అడిగింది ఎర్మెలిండా, కిటికీలోంచి.

"రండి. ఎండ ముదురుతుంది, టోపీ పెట్టుకు రండి."

నెలకోసారి వెళ్తూనే ఉంది. ఇలారియా ఆమెను "మీరు" అనే పిలిచేది. ఒకసారి జ్వరంలో ఇలారియా "అమ్మా" అంది. జ్వరం తగ్గాక ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఎనిమిదో ఏడు ఇలారియాకు రైల్వేలో పనిచేసే మంచివాడితో పెళ్లి కుదిరింది. రిజిస్ట్రారు ఆఫీసులో పెద్దాయన కలం ముంచి, "తల్లి పేరు?" అన్నాడు.

ఇలారియా తల తిప్పి ఎర్మెలిండా వైపు చూసింది. ఎర్మెలిండా నోరు తెరిచింది. ఒక్క మాట చాలు. ఆ గదిలో కాదనేవాళ్లు ఎవరూ లేరు. కానీ ఎక్కడో ఇంకొక పిల్ల, నిజమైన ముక్క మెడలో వేసుకుని, అది బజారుదే అనుకుంటూ తిరుగుతోందేమో. ఇరవై తొమ్మిదేళ్లుగా తన బిడ్డ కోసం దాచుకున్న ఆ మాటను, నిజమో కాదో తెలియని చోట పెట్టడానికి ఆమెకు నోరు రాలేదు.

ఇలారియా రిజిస్ట్రారు వైపు తిరిగి, "తెలియదని రాయండి," అంది, మామూలు గొంతుతో. "సాక్షి మాత్రం ఈవిడే."

పెద్దాయన పుస్తకం ఇటు తిప్పి గీత చూపించాడు. ఎర్మెలిండా కలం అందుకుని, సాక్షి అన్న చోట, తన పూర్తి పేరు రాసింది.